కొత్త క్లచ్ వేశాక కూడా లొల్లేనా? గేర్‌బాక్స్ మళ్ళీ దించాలా, బయటే తేలుతదా

క్లచ్ కొత్తది వేయించి, బిల్లు కట్టి, గ్యారేజ్ గేటు దాటి రెండు సిగ్నల్స్ కూడా పోకముందే ఫస్ట్ గేర్ పడనని మొరాయిస్తే ఎవరికైనా మండుతది. ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే జవాబు దాదాపు ఫిక్స్, "కొత్త ప్లేట్ కదా అన్నా, సెట్ కావాలె, కొన్ని రోజులు నడపు" అని. ఈ మాట జడ్డర్ (కదిలేటప్పుడు బండి వణకడం) విషయంలో కొంతవరకు నిజం, గేర్ పడకపోవడం విషయంలో మాత్రం అస్సలు కాదు. కొత్త క్లచ్ మొదటిసారి తొక్కినప్పుడే పూర్తిగా విడిపోవాలి, నడిపిన కొద్దీ విడిపోవడం నేర్చుకునే వస్తువు కాదది.

మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో అయితే "సరే మళ్ళీ దించి చూద్దాం" అనేయొచ్చు. స్పోర్ట్స్ కారులో ఆ మాట అంత ఈజీ కాదు. నిస్సాన్ 370జెడ్‌లో గేర్‌బాక్స్ దించాలంటే ముందు ఎగ్జాస్ట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండూ ఊడాలి, బాక్స్‌టర్, కేమన్ లాంటి మిడ్ ఇంజిన్ బండి అయితే వెనకంతా విప్పి డ్రైవ్ షాఫ్టులు పక్కకి జరిపితే తప్ప కిందికి రాదు, పైగా ఈ బండ్ల మీద చెయ్యి తిరిగిన ఉస్తాదులు మన హైదరాబాద్‌లో ఎక్కువమంది లేరు. అందుకే క్లచ్ ఏ బ్రాండ్ అనే చర్చ కంటే ముందు గేర్‌బాక్స్ మళ్ళీ దించాలా వద్దా అనేది తేలాలి, ఖర్చంతా అక్కడే ఉంది. నా లెక్క ఏంటంటే, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ ముందు డొప్ప) బయట ఉన్నవన్నీ చూసేదాకా లోపలికి పోవద్దు, ఒకసారి లోపలికి పోయాక మాత్రం చిన్న పార్టుల దగ్గర పిసినారితనం చేయొద్దు.

బయటా లోపలా అని తేల్చడానికి స్కానర్ ఏం అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి గేర్లన్నీ వేసి చూడండి, వెన్నలా పడుతున్నాయంటే గేర్ లింకేజ్, గేర్‌బాక్స్ మీద అనుమానం తగ్గినట్టే. ఇప్పుడు స్టార్ట్ చేసి క్లచ్ నేలకి ఆనేదాకా తొక్కి, ఐదారు సెకన్లు అలాగే ఆగి, మెల్లగా రివర్స్ వేయండి. కర్రుమంటే ప్లేట్ ఇంకా తిరుగుతూనే ఉంది, అంటే క్లచ్ విడిపోవట్లేదు. అదే పెడల్‌ని గబగబా మూడు నాలుగు సార్లు కొట్టాక గేర్ నీట్‌గా పడిందనుకోండి, అప్పుడు గేర్‌బాక్స్ జోలికే పోవద్దు, హైడ్రాలిక్ లైన్లో ఎయిర్ ఉంది లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని తోసేది) అలసిపోయింది, రెండింట్లో ఒకటి.

ఇంకో టెస్ట్ కూడా చేయండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫస్ట్ గేర్‌లో పెట్టి, బ్రేక్ మీద కాలు తేలిగ్గా పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి కాలు కదలకుండా ఒక నిమిషం పట్టుకోండి. మొదట్లో బానే ఉండి తర్వాత బండి మెల్లగా ముందుకి తోసుకొస్తుంటే, మీ కాలు కదలకపోయినా మాస్టర్ లోపల ఫ్లూయిడ్ సీల్ దాటి వెనక్కి జారిపోతోందన్నమాట. బయట చుక్క లీక్ కనబడదు, ట్యాంక్‌లో లెవెల్ తగ్గదు, అందుకే "లీకేజ్ ఏం లేదు సార్, మాస్టర్ పర్ఫెక్ట్" అంటారు.

స్లేవ్ సిలిండర్ (ఆ ఫ్లూయిడ్ తోపుతో క్లచ్‌ని విడదీసేది) గేర్‌బాక్స్ బయట ఉన్న బండ్లలో ఇంకా సులువు. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు కింద స్కేలు పట్టుకుని స్లేవ్ రాడ్ ఎన్ని ఎంఎం కదులుతోందో చూడాలి. ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నంత కదులుతోందంటే హైడ్రాలిక్స్ క్లియర్, తప్పు లోపలే ఉంది, ఇంక బయట ఎంత ఎయిర్ తీసినా దండగ. తక్కువ కదులుతుంటే గేర్‌బాక్స్ దించుదామన్న మాట వినకండి. స్లేవ్ లోపల ఉండే బండ్లలో, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి పోయే షాఫ్ట్) చుట్టూ రింగులా కూర్చునే కాన్సెంట్రిక్ స్లేవ్ ఉన్నవాటిలో రాడ్ కనబడదు కాబట్టి ఈ కొలత కుదరదు. అక్కడ రబ్బర్ హోస్‌ని హోస్ క్లాంప్‌తో జాగ్రత్తగా బిగించి పెడల్ తొక్కి చూస్తారు, పెడల్ రాయిలా గట్టిపడితే మాస్టర్ మంచిదే, తేడా హోస్ తర్వాత ఎక్కడో ఉంది. అప్పుడు కూడా మెత్తగానే పోతుంటే మాస్టర్ వైపే చూడాలి. స్టీల్ బ్రెయిడెడ్ హోస్ మీద మాత్రం క్లాంప్ పెట్టొద్దు, హోస్ పాడవుతది.

సరే, బయటే అని తేలింది. ఇప్పుడు ఎయిర్ తీయించి ఊరుకోవాలా, మాస్టర్ కూడా మార్చాలా?

ఎయిర్ తీయడం చవక, ఒక ఫ్లూయిడ్ డబ్బా, గంట రెండు గంటల పని, కాబట్టి మొదట అదే. కానీ ఎలా తీస్తున్నారో చూడండి. పెడల్ పంప్ చేసి నిపుల్ (గాలి వదిలే స్క్రూ) వదిలే పాత పద్ధతి బ్రేకులకి ఓకే, క్లచ్ లైన్లో మాత్రం గాలి పైకి ఎక్కి మాస్టర్ దగ్గర ఇరుక్కుంటది. కింద నిపుల్ నుంచి పెద్ద సిరంజితో ఫ్లూయిడ్ పైకి తోసే రివర్స్ బ్లీడింగ్, లేదా పైన ట్యాంక్ మీద ప్రెషర్ బ్లీడర్ పెట్టడం, ఈ రెండింట్లో ఏదైనా బెటర్. సిరంజి పద్ధతిలో పైన ట్యాంక్ పొంగి పెయింట్ మీద పడకుండా బట్ట కప్పుకోవాలి, బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి చాలా బండ్లలో క్లచ్‌కి వేరే ట్యాంక్ ఉండదు, బ్రేక్ ట్యాంక్ నుంచే కొంచెం పైన ఉన్న పైపు ద్వారా పోతది, బ్లీడ్ చేస్తూ లెవెల్ మర్చిపోతే ఆ పైపు గాలి పీల్చుకుని పని మళ్ళీ మొదటికొస్తది. మూత మీద డాట్ 3 అని ఉంటే 3 లేదా 4, సిలికాన్ రకం డాట్ 5 మాత్రం కలపొద్దు.

మాస్టర్ సంగతి చెప్పాలంటే, క్లచ్ మార్చేదాకా బాగానే ఉన్న మాస్టర్ ఆ తర్వాత వారంలోనే పోవడం చాలామంది చూసే ఉంటారు, మెకానిక్ ఏదో చేశాడని అనుమానం కూడా వస్తది. కారణం సింపుల్. ఏళ్ల తరబడి పిస్టన్ సీల్ బోర్‌లో ఒకే దూరం వరకు తిరుగుతుంటది, దాని అవతల బోర్‌లో తుప్పు, మడ్డి పేరుకుంటది. బ్లీడింగ్‌లో పెడల్‌ని నేలకి కొట్టినప్పుడు సీల్ మొదటిసారి ఆ గరుకు భాగంలోకి పోయి కోసుకుంటది. తీసిన ఫ్లూయిడ్ నల్లగా, ఏళ్ల తరబడి వాడిన ఇంజిన్ ఆయిల్ లాగా, వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి రబ్బర్ పొడి తగిలేలా ఉందంటే ఆలోచించకండి, మాస్టర్ మార్చండి. ఎనిమిది పదేళ్ళు దాటిన బండి అయితే నేను ఎయిర్ మాత్రమే తీయించి ఆగను, బ్లీడింగ్, మాస్టర్ రెండూ ఒకే లేబర్‌లో అయిపోతాయి.

370జెడ్ వాళ్ళకి విడిగా రెండు మాటలు. ఒకటి, పెడల్ దగ్గర ఒక హెల్పర్ స్ప్రింగ్ ఉంటది, సగం దాటాక పెడల్‌ని కిందికే లాగుతది, బరువు తేడా ఉన్న క్లచ్ వేశాక అది పెడల్‌ని వెనక్కి రానీయకుండా పట్టుకుంటే అందరూ స్లేవ్ పోయిందని కంగారు పడతారు. ముందు డాష్ కింద తల పెట్టి ఆ స్ప్రింగ్ అడ్జస్ట్ చేసి చూడండి, ఖర్చు సున్నా. రెండోది నిజంగానే స్లేవ్. ఆ బండిలో ప్లాస్టిక్ బాడీ ఉన్న కాన్సెంట్రిక్ స్లేవ్ బాగా తెలిసిన వీక్‌నెస్, పోతే పెడల్ నేలకి అంటుకుపోతది. ఇక్కడ ఎంపిక నిజంగా కష్టం, మళ్ళీ కంపెనీదే వేయాలా, లేదా స్లేవ్‌ని బయటికి తెచ్చే కన్వర్షన్ కిట్ వేయాలా? కిట్ అంటే 350జెడ్‌లో ఉన్నట్టు ఫోర్కు, పివోట్ (ఫోర్కు ఆనే ఇరుసు), బయట స్లేవ్. ప్లస్ ఏంటంటే ఇంకోసారి స్లేవ్ పోతే జాకీ మీద లేపి కిందనుంచి మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ కదలదు. మైనస్ ఏంటంటే పార్టు బయట దేశం నుంచి రావాలి, కస్టమ్స్, వెయిటింగ్, పివోట్ ఎత్తు ఒక్క రెండు ఎంఎం తేడా వచ్చినా క్లచ్ ఎక్కడ పట్టాలో అక్కడ పట్టదు. బండిని వీకెండ్‌లో తీసి శంకర్‌పల్లి వైపో వికారాబాద్ వైపో తిప్పేవాళ్ళకి కంపెనీ స్లేవ్ కొత్తది, బ్రెయిడెడ్ హోస్ చాలు, క్లచ్ ప్లేట్‌తో పాటు ప్రతిసారీ మార్చేయాల్సిన పార్టు అనుకుంటే గొడవ ఉండదు. చెన్నై, కోయంబత్తూరు ట్రాక్ డేస్‌కి రెగ్యులర్‌గా పోయేవాళ్ళు, బండిని ఇంకా చాలాకాలం ఉంచుకునేవాళ్ళు మాత్రం కిట్ తెప్పించుకోవడమే మంచిది.

ఇప్పుడు స్లిప్. కొత్త క్లచ్ జారుతోందంటే అందరూ ప్లేట్ డూప్లికేట్ అంటారు. కావచ్చు, కానీ ముందు ఒకటి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఎండాకాలం సాయంత్రం రాయదుర్గం నుంచి బయోడైవర్సిటీ దాకా పాకాక జారడం మొదలైతే, మాస్టర్ పుష్‌రాడ్‌కి (పెడల్ నుంచి మాస్టర్‌ని నెట్టే రాడ్) ఫ్రీ ప్లే, అంటే కొద్దిపాటి ఖాళీ ఆట, లేకుండా బిగించేశారేమో అనుమానించండి. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోతే లైన్లో ఫ్లూయిడ్ ట్యాంక్‌లోకి తిరిగి పోలేదు, వేడికి వ్యాకోచించి ఎవరూ తొక్కకుండానే క్లచ్‌ని కొద్దిగా తొక్కినట్టు పట్టుకుంటది. జారుతున్నప్పుడే బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపి, కింద నిపుల్ ఒక్క పావు తిప్పు వదలాలి. ఫ్లూయిడ్ చివ్వున చిమ్మి, ఆ తర్వాత స్లిప్ పోయిందంటే మీ ప్లేట్‌కి ఏ పాపం తెలియదు, పుష్‌రాడ్ లాక్‌నట్ వదిలి ఫ్రీ ప్లే ఇస్తే కథ ముగిసింది. అలా నెలల తరబడి తిప్పితే మాత్రం మంచి ప్లేట్ కూడా కాలిపోతది.

చిమ్మలేదు, చల్లగా ఉన్నా జారుతోంది, అప్పుడు లోపలే. క్రాంక్ వెనక సీల్ గానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్ గానీ ఆయిల్ కార్చి ప్లేట్ తడిసి ఉండాలి, లేదా స్ప్లైన్స్‌కి (ప్లేట్ కూర్చునే షాఫ్ట్ పళ్ళు) గ్రీజు దోసిళ్ళతో పూసి అది ఎగిరి ప్లేట్ మీద పడి ఉండాలి. ఆయిల్ తాగిన ప్లేట్‌ని పెట్రోల్‌తో కడిగి, సాండ్‌పేపర్ రుద్ది మళ్ళీ వేస్తామంటే ఒప్పుకోకండి, వేడెక్కగానే లోపలి ఆయిల్ బయటికొస్తది. ఇక రీమ్యాప్ చేసిన, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి పవర్ పెంచిన బండి అయితే క్లచ్‌ది తప్పే కాదు. స్కోడా లారా వీఆర్ఎస్ కంపెనీ నుంచి 250 ఎన్ఎం టార్క్‌తో వచ్చింది, స్టేజ్ వన్ (మొదటి మెట్టు) రీమ్యాప్ చేస్తే 300 దాటుతది, స్టాక్, అంటే కంపెనీ వేసిన ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని నొక్కి పట్టేది) ఆ బరువు ఎన్నాళ్ళని మోస్తది? టెస్ట్ చేయాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో తక్కువ స్పీడ్ నుంచి పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి, ఆర్‌పీఎం ఒక్కసారి పైకి ఎగిరి స్పీడ్ వెనకబడుతుందా అని చూడండి చాలు, హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజిన్ ఆపే టెస్ట్ కొత్త క్లచ్‌కి పెద్ద శిక్ష.

ఎలాంటి ప్లేట్ వేయాలన్నది కూడా ఇక్కడే చెప్పేస్తా. పవర్ పెంచిన బండికి సెరామిక్ పక్ ప్లేట్ (గట్టి సెరామిక్ బిళ్ళలు ఉన్నది) అని ఫ్రెండ్స్ ఎగదోస్తారు, హైదరాబాద్‌లో రోజూ తిప్పే బండికి నేను అస్సలు చెప్పను. అది అయితే పట్టుకుంటది లేకపోతే వదిలేస్తది, మధ్యలో ఏమీ ఉండదు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తులో బంపర్ టు బంపర్ పాకేటప్పుడు ప్రతిసారీ వెనకసీటువాళ్ళ మెడ పట్టేస్తది. మామూలు ఆర్గానిక్ ప్లేట్‌తోనే స్ప్రింగ్ బలం ఎక్కువున్న ప్రెజర్ ప్లేట్ వేస్తే పెడల్ కొంచెం బరువవుతది, మోకాలు కొంచెం మొత్తుకుంటది, అంతే, నా ఓటు దానికే. స్టాక్ బండికి అయితే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు, ఆ బండికి కంపెనీ ఎవరి క్లచ్ వాడిందో వాళ్ళదే, సాక్స్, లుక్, వాలియో, ఎక్సెడీ ఏదైతే అది, వీఐఎన్ (ఛాసిస్) నంబర్ ఇచ్చి తెప్పించుకోండి. రాణిగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్ళు సైజు చూపిస్తే దొరుకుతాయి, అవి తీసుకోండి, స్పోర్ట్స్ కార్ క్లచ్ కిట్‌ని "ఇది కూడా పడుతది" అంటే మాత్రం తీసుకోకండి.

జడ్డర్, అంటే కదిలేటప్పుడు బండి మొత్తం గజగజ వణకడం. దీనికి మాత్రం ఓపిక పట్టడం నిజంగానే ఒక ఆప్షన్. కొత్త ప్లేట్ కుదురుకోవడానికి సుమారు 800 కి.మీ. దాకా మెల్లగా నడపమని చెప్తారు. అయితే చాలామంది ఆదివారం ఓఆర్ఆర్ ఎక్కి 158 కి.మీ. ఒక రౌండ్ కొట్టి ఇన్ని కిలోమీటర్లు అయిపోయాయి అనుకుంటారు, టాప్ గేర్‌లో పోతుంటే క్లచ్ కదలనే కదలదు కదా, కుదురుకునేది ఎక్కడ? తొక్కి వదిలే పని ఎక్కువుండే కాలనీ రోడ్లు, ఖాళీ టైంలో సిగ్నళ్ళు, అవే కావాలి, హాఫ్ క్లచ్‌లో ఎత్తు మీద నిలబెట్టకుండా. అంత నడిపినా వణుకు తగ్గకపోతే, లేదా రోజురోజుకీ పెరుగుతుంటే, ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగులు చూసి, అవి బాగుంటే ఫ్లైవీల్ (క్లచ్ ప్లేట్ ఆనుకునే, ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం).

ఫ్లైవీల్ దగ్గరే గ్యారేజ్ వాళ్ళు తమకి డబ్బులు మిగుల్చుకుంటారు, మీకు తెలియకుండానే. పాత క్లచ్ కాలి ఉంటే ఫ్లైవీల్ ముఖం మీద నీలం నల్లటి మచ్చలు ఉంటాయి, వేలితో రాస్తే నునుపుగానే ఉంటది కానీ ఆ మచ్చ దగ్గర ఇనుము మిగతా దానికంటే గట్టిపడిపోయి ఉంటది. లేత్ మీద వేస్తే టూల్ ఆ గట్టి చోట ఎగిరి దాటేస్తది, చూడ్డానికి తళతళా మెరుస్తది, బండిలో వేస్తే మళ్ళీ వణుకు. బాలానగర్, జీడిమెట్ల వైపు సర్ఫేస్ గ్రైండింగ్ చేసే షాపులు ఉంటాయి, గ్రైండర్ మీదే చేయించమని పట్టుబట్టండి, మరీ లోతుగా తీయొద్దని కూడా చెప్పండి, ఎక్కువ తీస్తే క్లచ్ మొత్తం ఇంజిన్ వైపు జరిగి రిలీజ్ కొలతలు మారిపోతాయి, వణుకు పోయి గేర్ పడని జబ్బు వస్తది.

ఇదంతా సింగిల్ మాస్ ఫ్లైవీల్ సంగతి. 370జెడ్‌లో కంపెనీ వేసేది డ్యూయల్ మాస్, లోపల స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉంటది, దాన్ని మామూలు ఫ్లైవీల్ లాగా లేత్ మీద పెట్టి తీయరు. రెండు ముక్కల మధ్య ఆట లిమిట్ దాటినా, గ్రీజు బయటికి కారినా మార్చడమే. ఇక్కడ మళ్ళీ రెండు దారులు, కొత్త డ్యూయల్ మాస్, లేదా తేలికపాటి సింగిల్ మాస్ కన్వర్షన్. సింగిల్ మాస్ వేస్తే ఇంజిన్ టక్కున రెవ్ అవుతది, మజా ఉంటది, తర్వాత మార్చే ఖర్చు కూడా తక్కువ, కానీ ఏసీ వేసుకుని సిగ్నల్‌లో న్యూట్రల్‌లో ఆగితే గేర్‌బాక్స్‌లో గలగలమని మేకుల డబ్బా ఊపినట్టు సౌండ్ వస్తది. అది జబ్బు కాదు, దాని తీరే అంత, క్లచ్ తొక్కితే ఆగిపోతది. ఆ సౌండ్ విని ఏదో పోయిందని మళ్ళీ గేర్‌బాక్స్ దించినవాళ్ళు ఉన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా నడిపే బండి అయితే డ్యూయల్ మాస్‌లోనే ఉండండి.

సౌండ్ల గురించి ఇంకొక్క మాట: క్లచ్ తొక్కితే వచ్చే కూత రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ని నొక్కే బేరింగ్) లేదా పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొన ఆనే బేరింగ్), తొక్కితే పోయి వదిలితే వచ్చేది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ వైపు. మొదటిది కొత్త క్లచ్ వేసిన వారంలో వస్తే బేరింగ్ మార్చలేదేమో అడగండి.

ఇంక అదే గ్యారేజ్‌కి పోవాలా, వేరే చోటికా? బయటి సమస్య అయితే అదే గ్యారేజ్, వాళ్ళు ఫ్రీగా చేస్తారు, చేయాలి కూడా. లోపలి సమస్య అయితే నేను ముందే అడిగేది ఒకటే, దించాక తప్పు ఫిట్టింగ్‌దని తేలితే లేబర్ ఎవరిది, పార్టుదని తేలితే ఎవరిది, వాట్సాప్‌లో రాసి పంపమంటాను. రాయడానికి వెనకాడితే బండి వేరే చోట తెరిపించడమే మేలు, తెరిచేటప్పుడు మాత్రం మీరు అక్కడ ఉండండి. మా సర్కిల్‌లో ఒక కూపే అలా తెరిస్తే ప్లేట్ తిరగేసి ఉంది, ఫ్లైవీల్ వైపు అని ప్లేట్ మీదే అచ్చు ఉన్నా సరే, హబ్ స్ప్రింగులు ఫ్లైవీల్ బోల్టులకి రాసుకుని మెరుస్తున్నాయి. ఇంకో బండిలో గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడదీశారు, ప్లేట్ వంగిపోయింది, ఎన్నిసార్లు ఎయిర్ తీసినా గేర్ పడలేదు. సెల్ఫ్ అడ్జస్టింగ్ ప్రెజర్ ప్లేట్ ఉన్న బండ్లలో దానికి స్పెషల్ టూల్ ఉంటది, అది లేకుండా బోల్టులు ఒక వైపు నుంచి బిగించుకుంటూ పోతే అడ్జస్టర్ రింగ్ తిరిగిపోతది, మీ గ్యారేజ్‌లో ఆ టూల్ ఉందా అని అడగడం మీ హక్కు. ఇవన్నీ ఫోటోలు తీసుకోండి, పాత పార్టులు వెనక్కి అడగండి, జీఎస్టీ బిల్లు లేకుండా పని చేయించొద్దు, మాట తేడా వస్తే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి గానీ జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి గానీ పోవడానికి ఆ కాగితాలే కావాలి. షోరూం సర్వీస్ సెంటర్ ఖర్చు ఎక్కువ, పాత మోడల్ అయితే పార్టు వెయిటింగ్ కూడా ఎక్కువ, కానీ వారంటీ మిగిలి ఉన్న బండికి వేరే ఆలోచనే వద్దు.

పెడల్ నేలకి అంటుకుపోయిన బండిని స్టార్టర్‌తో ఫస్ట్ గేర్‌లో దుమికిస్తూ గ్యారేజ్ దాకా తేవొద్దు, ఫ్లాట్‌బెడ్ పిలవండి.

రెండోసారి దించడమే తప్పకపోతే రిలీజ్ బేరింగ్ లేదా లోపలి స్లేవ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక సీల్, ఫ్లైవీల్ బోల్టులు, ఇవి కొత్తవి వేయమనండి, ఆ బోల్టులు చాలా బండ్లలో ఒక్కసారి సాగదీసి బిగించే రకం, మళ్ళీ వాడేవి కావు. అన్నీ కలిపినా ఇంకోసారి దించే లేబర్ అంత అవ్వదు. బండి తీసుకునేటప్పుడు గ్యారేజ్ ముందు ఒక్క రౌండ్ కొట్టి "ఓకే" అనకండి, మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఇంజిన్, ఫ్లూయిడ్ బాగా వేడెక్కాక రివర్స్ వేసి చూసి, అప్పుడు ఫోన్‌పే తీయండి.